ఫ్రాంక్ మంచివాడని మనకెవరు చెప్పారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ఇంగ్లీషు పాఠాలు నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షులకు, సభ్యులకు, పేపర్ సెట్టర్లకు

అయ్యలారా, అమ్మలారా,

నేను ఇరవై ఆరేళ్ళుగా డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు చెబుతున్నాను. మీలో కొందరు నాకు గురువులు, కొందరు నాతో కలిసి చదువుకున్నవాళ్ళు, ఒకరిద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్ళు. క్యారెక్టర్ స్కెచ్ ప్రశ్న విషయం మీటింగుల్లో రెండుసార్లు ఎత్తాను. రెండుసార్లూ టైము చాలక వాయిదా పడింది. నా సర్వీసు ఇంకెంతో లేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందట స్పాట్ వాల్యుయేషన్‌లో జేమ్స్ జాయిస్ కథ 'ఎవెలిన్' మీద ఒక ప్రశ్న వచ్చింది. ఎవెలిన్ క్యారెక్టర్ స్కెచ్ రాయమన్నారు, పది మార్కులకి. కీలో ఐదు పాయింట్లిచ్చారు: బాధ్యత తెలిసిన కూతురు, భయస్తురాలు, ఎటూ తేల్చుకోలేని మనిషి, తల్లికిచ్చిన మాటకు కట్టుబడినది, డబ్లిన్ స్తబ్ధతకు ప్రతీక. పాయింటుకి రెండు మార్కులు. కట్టలో ఒక పేపరు వచ్చింది. రాసింది అమ్మాయో అబ్బాయో తెలీదు, పైన బార్‌కోడ్ తప్ప పేరుండదు కదా. ఇంగ్లీషులో తప్పులు చాలా ఉన్నాయి. కీలో ఉన్న పాయింటు ఒక్కటీ లేదు. రెండు పేజీల్లో రాసినదాని సారం ఇది: ఎవెలిన్‌ను ఓడెక్కించి తీసుకుపోతానన్న ఫ్రాంక్ గురించి మనకు తెలిసిందంతా ఆమె అనుకున్నదే. ఎవెలిన్‌కి తెలిసిందంతా ఫ్రాంక్ చెప్పిందే. అతను నిజంగా మంచివాడా, ఆమెను ఎక్కడో వదిలేసేవాడా అన్నది మనకూ తెలీదు, ఆమెకూ తెలీదు. అలాంటప్పుడు ఓడ ఎక్కనందుకు ఆమెను పిరికిదని ఎలా అంటాం?

నేను ఆ జవాబుకి మూడు మార్కులు వేశాను. కీ ప్రకారం అవి కూడా రావు. కట్ట పూర్తిచేసి సంతకం పెట్టి ఇంటికొచ్చాక, రాత్రి అన్నం తింటుంటే ఆ రెండు పేజీలు గుర్తొచ్చాయి. నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతిని ఆ పిల్లో పిల్లాడో కథ చదివి, తనంతట తాను పట్టుకుంది. నేనేమో ఎర్ర సిరాతో మూడు వేశాను. ఈ ఉత్తరానికి మూలం ఆ మూడు మార్కులే.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. 1890ల చివరినుంచి 1920ల దాకా ఇంగ్లీషులో వచ్చిన కొత్త రకం కథల్లో, నవలల్లో పాత్రను చెప్పే తీరునుంచి వేరుచేసి చూపించడం కుదరదు. చెప్పే గొంతు ఎక్కడ నిలబడింది, ఎవరి మాటలు అరువు తెచ్చుకుంది, ఏది చెప్పకుండా దాటేసింది అన్నవి వదిలేస్తే ఎవెలిన్ దగ్గర మిగిలేది కీలో ఉన్న ఐదు పాయింట్లే. 'క్యారెక్టర్ స్కెచ్' అనే ప్రశ్న పిల్లలు ఆ గొంతును మరిచిపోయేలా చేస్తోంది.

ఒకసారి 'ఎవెలిన్'ను దగ్గరగా చూడండి. మీరంతా చదివిందే. కానీ ఎన్నేళ్ళయింది చదివి? జాయిస్ దీన్ని 22 ఏళ్ళ వయసులో రాశాడు. 1904 సెప్టెంబరు 10న 'ది ఐరిష్ హోమ్‌స్టెడ్' అనే వ్యవసాయ సహకార వారపత్రికలో, స్టీఫెన్ డెడాలస్ అనే కలం పేరుతో వచ్చింది. పల్లె పాఠకులకు అర్థమయ్యేలా సాదా కథలు కావాలని కవి జార్జ్ రసెల్ అడిగితే రాసినవాటిలో ఇదొకటి. తర్వాత పదిహేను కథల 'డబ్లినర్స్'లో చేరింది. ఒక ప్రచురణకర్త ఒప్పుకొని వెనక్కి తగ్గాడు. ఇంకొకరి దగ్గర అచ్చయిన కాగితాలే నాశనమయ్యాయి. చివరికి 1914లో పుస్తకం బయటికొచ్చింది.

కథ నాలుగైదు పేజీలకు మించదు. పంతొమ్మిది దాటిన అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. కర్టెను బట్టలోంచి దుమ్ము వాసన వస్తుంటుంది. ఎన్నో ఏళ్ళుగా వారం వారం తుడిచిన సామాన్లవైపు చూస్తూ, ఈ దుమ్మంతా ఎక్కడినుంచి వస్తుందా అనుకుంటుంది. గోడమీద ఒక పాదిరీ ఫొటో పసుపురంగుకు తిరిగిపోయి ఉంటుంది. ఆయన పేరేమిటో ఆమె ఇన్నేళ్ళలో తెలుసుకోలేదు. కొట్లో పని చేసి తెచ్చే ఏడు షిల్లింగులూ తండ్రి చేతిలో పోస్తుంది. శనివారం వచ్చిందంటే ఇంటి ఖర్చుకు డబ్బు అడగాలి, పోట్లాట తప్పదు. తల్లి పోయింది. ఇల్లు చెదరకుండా చూస్తానని తల్లికి మాటిచ్చింది. ఇప్పుడు ఫ్రాంక్ అనే నావికుడు పెళ్ళిచేసుకుని బ్వేనస్ ఎయిరిస్ తీసుకుపోతానంటున్నాడు. రాత్రి ఓడకు వెళ్ళాలి.

ఫ్రాంక్ గురించి కథ ఏం చెబుతుందో చూడండి. దయగలవాడు, మగసిరి ఉన్నవాడు, మనసులో ఏదీ దాచుకోనివాడు. ఎవరన్నారు ఈ మాటలు? 'అనుకుంది' అనే క్రియ పక్కన లేదు. కథకుడే చెబుతున్నట్టుంది. కానీ ఆ మూడు విశేషణాలూ ఒక పంతొమ్మిదేళ్ళ పిల్ల చదివే చవక నవలల్లో దొరికేవి. జాయిస్ తన మాటలు పక్కనపెట్టి ఆమె మాటలతో వాక్యం కట్టాడు. బ్వేనస్ ఎయిరిస్‌లో ఇల్లు సిద్ధంగా ఉందన్నదీ, అతను ఓడమీద నెలకు పౌను జీతానికి చేరి పైకొచ్చాడన్నదీ అతను చెప్పగా ఆమె నమ్మిన సంగతులు. వాటికి సాక్ష్యం కథలో ఎక్కడా లేదు. ఓడ నావికుల సంగతి నాకు తెలుసన్న తండ్రి మాట ఒకటుంది. ఆ తండ్రి మాటను నమ్మాలో వద్దో మళ్ళీ మనమే తేల్చుకోవాలి. డబ్లిన్ నార్త్ వాల్ రేవులో ఎక్కే ఓడలు నేరుగా దక్షిణ అమెరికాకు కాదు, లివర్‌పూల్‌కు పోయేవని పట్టుకుని హ్యూ కెన్నర్ అనే పండితుడు ఫ్రాంక్‌ను గట్టిగా అనుమానించాడు. ఆ అనుమానాన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. నామటుకు నాకు కెన్నర్ కొంచెం దూరం పోయాడనిపిస్తుంది. లివర్‌పూల్‌లో ఇంకో ఓడ మారొచ్చు కదా. అయినా ఆయన అడిగిన ప్రశ్న అడగాల్సిందే. ఆ పేపరు రాసిన విద్యార్థి అడిగిందీ అదే.

ఇక చివరి పేజీ. కిటికీ దగ్గరినుంచి కథ ఒక్కసారిగా రేవుకి దూకుతుంది. అక్కడ కూడా కాసేపు ఆమె లోపలే ఉంటాం. గుండెలో గంట మోగినట్టవుతుంది, సముద్రాలన్నీ మీదపడి ముంచేస్తున్నట్టు భయమేస్తుంది, రెండు చేతులా ఇనప కమ్మీ పట్టుకుంటుంది. అతను కంచె దాటి వెళ్ళి పిలుస్తుంటాడు. సరిగ్గా ఇక్కడ, ఆఖరి రెండు వాక్యాల్లో, గొంతు ఆమె లోపలినుంచి బయటికి వచ్చేస్తుంది. పాలిపోయిన మొహం, దిక్కుతోచని జంతువు చూపు, అతన్ని గుర్తుపట్టినట్టు కూడా కనబడని కళ్ళు. ఇంతసేపూ ఆమె లోపల తిరిగిన మనం, అసలు తెలియాల్సిన క్షణంలో రేవులో నిలబడ్డ పరాయివాళ్ళలా ఆమెను బయటినుంచి చూస్తాం. ఆమె ఎందుకు వెళ్ళలేదో చెప్పే గొంతు లేదు. ఆమెను 'భయస్తురాలు' అని తేల్చే వీలు జాయిస్ మనకివ్వలేదు. ఇవ్వకపోవడం కోసమే ఆ రెండు వాక్యాలు రాశాడు. కీ మాత్రం ఆ మాటకు రెండు మార్కులిస్తోంది.

(ఈ కథ అచ్చయిన నెల తిరక్కుండా, 1904 అక్టోబరు 8న, జాయిస్ తనతో పెళ్ళికాని నోరా బార్నకుల్‌ను వెంటబెట్టుకుని అదే నార్త్ వాల్ రేవునుంచి ఊరు విడిచి వెళ్ళిపోయాడు. ఆమె ఓడ ఎక్కింది. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు కాసేపు మాట్లాడరు.)

కెన్నర్ 1978లో 'జాయిసెస్ వాయిసెస్' అనే చిన్న పుస్తకంలో పాత్ర మాటలతో వాక్యం కట్టే జాయిస్ పద్ధతికి 'అంకుల్ చార్లెస్ సూత్రం' అని పేరు పెట్టాడు. కథకుడి వాక్యంలోకి దగ్గర్లో ఉన్న పాత్ర మాటలు చొరబడటమన్నమాట. 'ది డెడ్' కథ మొదటి వాక్యంలో పనిపిల్ల లిలీ గురించి చెబుతూ జాయిస్ 'లిటరల్లీ' అంటాడు. వ్యాకరణం పట్టింపు ఉన్న మాస్టారు అక్కడ ఎర్రగీత గీస్తాడు. ఆ మాట లిలీది. ఆమె మాట్లాడితే అలాగే అంటుంది. ఆ ఒక్క మాటతో లిలీ మన ముందు నిలబడుతుంది, ఆమె పొడుగూ పొట్టీ చెప్పకుండానే.

పొడుగూ పొట్టీ అంటే గుర్తొచ్చింది. మన గైడుల్లో క్యారెక్టర్ స్కెచ్ ఎలా మొదలవుతుంది? వయసు, ఇల్లు, ఉద్యోగం, రాబడి, రూపం, ఆ తర్వాత గుణాలు. సరిగ్గా ఈ పద్ధతి మీదే వర్జీనియా వుల్ఫ్ 1924 మే 18న కేంబ్రిడ్జిలో మాట్లాడింది. అంతకు ముందటేడు ఆర్నల్డ్ బెన్నెట్ ఆమె నవల 'జేకబ్స్ రూమ్' గురించి రాస్తూ తెలివి చాలానే ఉందిగానీ పాత్రలు మనసులో నిలవవన్నాడు. దానికి జవాబుగా ఆమె రిచ్‌మండ్ నుంచి వాటర్లూ పోయే రైలు పెట్టెలో మూలన కూర్చున్న ఒక ముసలావిడను చూపించింది. మిసెస్ బ్రౌన్ అని పేరు పెట్టింది. బెన్నెట్ తరం వాళ్ళు ఆవిడ ఇల్లు, అద్దె, దుకాణాలు, ఊరు అన్నీ చెబుతారు, మూలన కూర్చున్న ఆవిడవైపు మాత్రం చూడరన్నది వుల్ఫ్ ఫిర్యాదు. బెన్నెట్‌కు ఇందులో కొంత అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. ఆయన 'ది ఓల్డ్ వైవ్స్ టేల్' చదివినవాళ్ళు ఆయనకు మనుషులు తెలియరని అనలేరు. కానీ మన గైడుల విషయంలో ఆ ఫిర్యాదు అక్షరాలా నిజం. ఆ ప్రసంగాన్నే వ్యాసంగా సిలబస్‌లో పెట్టి, అదే పేపర్లో క్యారెక్టర్ స్కెచ్ అడుగుతున్నాం. అది నాకు బాధగా ఉంటుంది.

ఆ వ్యాసంలోనే వుల్ఫ్ 1910 డిసెంబరు ప్రాంతంలో మనుషుల స్వభావం మారిందని ఒక ధీమా మాట అంది. అందరూ అది బట్టీ పడతారు. ఆ ఏడాదే ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి'లో గురజాడ 'దిద్దుబాటు' వచ్చింది. ఒకదానికొకటి సంబంధం ఉందని నేననను. కానీ 'దిద్దుబాటు' ఎలా మొదలవుతుందో మన పిల్లలకు తెలుసు. పరిచయం లేదు, వంశవర్ణన లేదు. అర్ధరాత్రి దాటాక ఒక మొగుడు తలుపు కొడుతుంటాడు. అతనెవరో మనం వినీ వినీ తెలుసుకోవాలి. కథ ఎక్కడ మొదలుపెట్టాలి, ఎవరి వెనక నిలబడాలి అన్న ప్రశ్న మన భాషలో కూడా వందేళ్ళకు పైబడ్డ ప్రశ్నే. రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య భయాన్ని లోపలినుంచి వినిపించినప్పుడు, నవీన్ 1969లో 'అంపశయ్య'లో ఉస్మానియా విద్యార్థి రవి ఒక్క రోజును నవలంతా పరిచినప్పుడు మనవాళ్ళు ఆ ప్రశ్నకు తమ జవాబు తాము రాశారు. చైతన్య స్రవంతి అన్న మాట మన తెలుగు ఎమ్మే పిల్లలకు నోటికొచ్చు. దాని ఇంగ్లీషు మూలమైన మాటను సైకాలజీ నుంచి తెచ్చి 1918లో డొరతీ రిచర్డ్‌సన్ నవలల గురించి వాడింది మే సింక్లెయిర్. రిచర్డ్‌సన్ పేరు మన సిలబస్‌లలో నాకు కనబడటం అరుదు. అది ఇంకో ఉత్తరానికి సరిపడే సంగతి.

ఇప్పుడు నా అసలు మాటకి వస్తాను. ఈ కథనపు కిటుకు మన పిల్లలకు కష్టమని మీటింగులో ఒకరన్నారు. నా అనుభవం దానికి పూర్తిగా తలకిందులు. తెలుగు పిల్లలకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య.

మూడేళ్ళ కిందట క్లాసులో 'ఎవెలిన్' ఇచ్చి, తెలుగులో నోటితో చెప్పమన్నాను. ఫ్రాంక్ గురించిన వాక్యం దగ్గర క్లాసు ఆగిపోయింది. ఒకబ్బాయి 'ఫ్రాంక్ మంచివాడు' అన్నాడు. ముందు బెంచీ అమ్మాయి 'ఫ్రాంక్ మంచివాడని ఆమె అనుకుంది' అని దిద్దింది. వెనకనుంచి ఇంకో అమ్మాయి, 'కాదు మేడమ్, ఫ్రాంక్ మంచోడంట' అంది. క్లాసంతా నవ్వింది. నవ్వు ఆగాక అందరికీ అర్థమైంది. ఆ ఒక్క 'అంట'తో కథ మారిపోయింది. మొదటి వాక్యంలో పూచీ కథకుడిది. రెండోదాంట్లో ఎవెలిన్‌ది. మూడోదాంట్లో ఎవరిదీ కాదు, విన్నమాట అంతే. జాయిస్ ఇంగ్లీషులో ఈ మూడింటికీ మధ్య ఎక్కడో నిలబడ్డాడు. ఎక్కడ అన్నదాని మీద ఆ గంటంతా వాదించుకున్నారు. బెల్లు కొట్టినా లేవలేదు.

'తను' అనే మాట సంగతి మరీ గొప్పది. 'ఆమె వెళ్ళిపోతుంది' అంటే మనం దూరంగా నిలబడి చూస్తున్నాం. 'తను వెళ్ళిపోతుంది' అన్నామా, ఆమె పక్కకు, దాదాపు ఆమె లోపలికి చేరిపోయాం. ఇంగ్లీషులో రెంటికీ 'షీ' ఒకటే. అందువల్లే ఇంగ్లీషు విద్యార్థికి ఈ కిటుకును 'ఫ్రీ ఇన్‌డైరెక్ట్ స్టైల్' అని పేరు పెట్టి ఒక చాప్టరుగా చెప్పాలి. మన పిల్లలకు ప్రతి వాక్యం దగ్గరా 'ఇక్కడ ఆమె అనాలా, తను అనాలా?' అని అడిగితే చాలు. కథ చివర ఆ రెండు వాక్యాలకు వచ్చేసరికి ఎవరూ 'తను' వాడలేదు. అందరూ 'ఆమె' అన్నారు. ఎందుకలా అన్నారో వాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నారు. నేను కుర్చీలో కూర్చుని విన్నాను.

'అంట' విలువ తెలిసినవాళ్ళకు కాన్రాడ్ 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' ఎంత వేరుగా వినిపిస్తుందో ఆలోచించండి. 1899లో 'బ్లాక్‌వుడ్స్' పత్రికలో మూడు భాగాలుగా వచ్చిన ఈ కథకు మనమిచ్చే ప్రశ్న, కర్ట్జ్ క్యారెక్టర్ స్కెచ్. థేమ్స్ నదిలో నిలిచిన పడవమీద, చీకటి పడుతుంటే, మార్లో అనే మనిషి నలుగురికి చెబుతాడు. ఆ విన్నవాళ్ళలో పేరులేని ఒకాయన మనకు చెబుతాడు. కర్ట్జ్ అన్న పేరు మార్లో చెవిన మొదట వేసింది కంపెనీ లెక్కలాయన. తర్వాత ఇటుకలు చెయ్యాల్సిన ఆయన ఒకటంటాడు, మేనేజరు ఒకటంటాడు, రష్యా కుర్రాడు దేవుణ్ణి చేస్తాడు. అంట, అంట, అంట. మనిషి కళ్ళబడేసరికి కథ చివరికొచ్చేస్తుంది, అప్పటికి అతను చావుకు దగ్గరపడి ఉంటాడు. చివర్లో మార్లో, కర్ట్జ్‌ను పెళ్ళాడాల్సిన ఆమెకు అతని ఆఖరి మాటల గురించి అబద్ధం చెబుతాడు. చెప్పానని మనతోనే ఒప్పుకుంటాడు. ఈ మనిషి చెప్పిన మిగతాదాన్ని ఎంతవరకు నమ్మాలి? ఇలాంటి కథలోంచి కర్ట్జ్ గుణాలు ఐదు ఏరి రాయమంటున్నాం.

ఇక్కడ చినువా అచెబేను వదిలి ముందుకు పోలేం. 1975లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో ఆయన ఈ కథను నిలదీశాడు. ఆఫ్రికా మనుషుల్ని మనుషులుగా చూడలేదన్నాడు. ఆ చూపు మార్లోది, కాన్రాడ్‌ది కాదు అనే సమాధానం ఆయనకు ముందే తెలుసు. కథకుడి వెనక కథకుణ్ణి పెట్టినా, మార్లో చూపుకు వేరే కొలత ఉందని కాన్రాడ్ ఎక్కడా సూచించలేదన్నది ఆయన వాదం. నేను చాలాకాలం కాన్రాడ్ పక్షాన ఉండి, తర్వాత్తర్వాత అచెబే వైపు జరిగాను. మీరు ఏ వైపున్నా సరే, ఆ వాదమంతా ఎవరు చెబుతున్నారు, చెప్పేవాడికి ఎంత దూరంలో రచయిత నిలబడ్డాడు అన్న ప్రశ్న మీదే నడుస్తుంది. కథనం నేర్పకుండా అచెబే వ్యాసం చదివిస్తే పిల్లలకు ఒక తీర్పు మాత్రం అందుతుంది, ఆ తీర్పుకు వచ్చిన దారి అందదు.

ఈ ప్రశ్న ఒక్క కాన్రాడ్‌దే కాదు. హెన్రీ జేమ్స్ 1897లో ఒక చిన్నపిల్ల కళ్ళలోంచి తల్లిదండ్రుల విడాకుల కథ చెప్పాడు. ఫోర్డ్ మాడక్స్ ఫోర్డ్ 1915లో 'ది గుడ్ సోల్జర్'లో డవెల్ చేత, నెగడి పక్కన కూర్చుని సానుభూతిగల మనిషితో చెప్పుకుంటున్నట్టు, ముందూ వెనకా కలగాపులగంగా చెప్పించాడు. డవెల్ మంచివాడో, అమాయకుడో, దాస్తున్నాడో ఇవాళ్టికీ తేలలేదు. ఈ రెండూ డిగ్రీ పిల్లలకు బరువే, పెట్టమని అడగను.

అడిగేది ఇది. ఈ కాలపు కథల మీద క్యారెక్టర్ స్కెచ్ ప్రశ్న తీసెయ్యండి. దాని స్థానంలో కథలోంచి పది వాక్యాలు పేపర్లోనే అచ్చువేసి, ఇందులో ఏ మాట కథకుడిది, ఏ మాట పాత్రది, ఎలా తెలిసింది అని అడగండి. బట్టీ పట్టడానికి అందులో ఏమీ ఉండదు, గైడు రాసేవాళ్ళకు పట్టు దొరకదు. ఈ కొత్త రకం కథలను కలిపి పిలిచే మోడర్నిజం లక్షణాలు పది రాయమనే ప్రశ్న కూడా ఆపండి. పాఠం వేరే, లక్షణం వేరే అన్నట్టు తయారైంది. జవాబులో విద్యార్థి తెలుగు వాక్యం రాసి చూపిస్తే, 'తను', 'అంట' ఆధారంగా వాదిస్తే మార్కులివ్వమని కీలో ఒక లైను చేర్చండి. ఇంగ్లీషు పేపర్లో తెలుగు ఏమిటన్న అభ్యంతరం వస్తుందని తెలుసు. ఆ పిల్లలు ఇంగ్లీషు కథను చెవిపెట్టి వింటున్నది ఆ తెలుగుతోనే.

కీలో లేని జవాబుకు పూర్తి మార్కులిచ్చే స్వేచ్ఛ వాల్యుయేటర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆరోజు అది నా చేతిలో ఉండుంటే బాగుండేది. ధైర్యం నాకూ చాల్లేదు, ఆ సంగతి ఒప్పుకుంటున్నాను.

'ఎవెలిన్', 'ది డెడ్', 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్' మీద నా క్లాసుల్లో పరీక్షించి చూసిన ప్రశ్నలు ఇరవై దాకా ఉన్నాయి. ఏ బోర్డు అడిగినా పంపుతాను. మొదటి ప్రశ్న మాత్రం నాది కాదు, బార్‌కోడ్ వెనకున్న ఆ విద్యార్థిది: ఫ్రాంక్ మంచివాడని మనకెవరు చెప్పారు?

ఇట్లు,
మీ
ఒక ఇంగ్లీషు లెక్చరర్